బండి ముఖం రోడ్డు వైపు

రండి, చలిమంట దగ్గరికి జరిగి కూర్చోండి. పుష్యమాసంలో భద్రాచలం అడవి గాలి ఎముకల్లోకి దిగుతుంది. ఈ మంట ఆరేలోగా మీతో ఒక సంగతి మాట్లాడాలి. కారు ఆపేటప్పుడు ముక్కు లోపలికి పెట్టి ఆపాలా, వెనక్కి తీసుకెళ్లి పెట్టాలా? చిన్న విషయమే అనిపిస్తుంది. నేను మాత్రం వెనక్కే పెట్టమంటాను. ఎందుకో చెబుతాను, వినండి.

పోయిన శ్రీరామనవమికి మిథిలా స్టేడియంలో సీతారాముల కల్యాణం చూసుకుని, బండ్లు ఆపిన పొలం వైపు నడుస్తున్నాం. మూడు గంటల ఎండ. ఒక కారు ముళ్లకంచెకు ముక్కు ఆనించి ఉంది. దాని వెనక కాస్త నీడ పడితే ఒక పెద్దావిడ అక్కడ చతికిలబడి తలంబ్రాలు కొంగున ముడివేసుకుంటోంది. డ్రైవరు వచ్చి ఎక్కాడు. లోపల పిల్లలు నీళ్లు కావాలని ఏడుస్తున్నారు. వెనక తెల్ల లైటు వెలిగింది. మా తమ్ముడు పరుగెత్తి డిక్కీ మీద అరచేత్తో దబదబా బాదాడు. బండి ఆగింది. బంపరుకీ ఆవిడ వీపుకీ మధ్య జానెడు దూరం.

డ్రైవరు మంచివాడే. దిగి, వణుకుతూ ఆమె కాళ్లకు దణ్ణం పెట్టాడు. కానీ ఆలోచించండి. అదే మనిషి పొద్దున వచ్చినప్పుడు పొలం ఖాళీగా ఉంది, ఒంట్లో ఓపిక ఉంది, దిగి దారి చూపడానికి ఇంటివాళ్లున్నారు. అప్పుడే బండిని వెనక్కి తీసి పెట్టుకుని ఉంటే, వెళ్లేటప్పుడు ఎదురుగా ఎవరు కూర్చున్నా కళ్లకు కనపడేవాళ్లు. తేలిక వేళ చేయాల్సిన కష్టమైన పనిని జనం, ఎండ, అలసట కలిసిన వేళకు వాయిదా వేశాడు.

ఈ తెలివి మనకు కొత్తది కాదు. కొత్తగూడెం చుట్టుపక్కల సింగరేణి వాళ్లను అడగండి. ఓపెన్‌కాస్టులో డంపర్ ఖాళీగా వచ్చి, హారన్ మోగిస్తూ వెనక్కి జరిగి షావెల్ పక్కన నిలబడుతుంది. బొగ్గు నిండగానే ముందుకు సాగిపోతుంది. ఖాళీగా ఉన్నప్పుడు వెనక్కి, నిండాక ముందుకి. మన కారుకూ ఇదే లెక్క. తిరుగు ప్రయాణంలో దాని నిండా నిద్రమొహం పిల్లలు, ప్రసాదాల సంచులు ఉంటాయి.

ఇందులో బండి నిర్మాణం సంగతి కూడా ఉంది. స్టీరింగుకు తిరిగేవి ముందు చక్రాలు. వెనక్కి వెళ్లేటప్పుడు ముందు భాగం అటూ ఇటూ ఊగి, వెనక భాగాన్ని ఇరుకు సందులోకి చక్కగా దూరుస్తుంది. అందుకే ముక్కుతో పట్టని చోటు కూడా వెనక నుంచి పడుతుంది. రెండు మూడు సార్లు చేస్తే చెయ్యి అలవాటు పడుతుంది.

ఆర్టీసీ బస్సు ప్లాట్‌ఫారానికి ముక్కే పెడుతుంది కదా అని మీరు అడగొచ్చు. నిజమే. అది వెనక్కి కదిలేటప్పుడు కండక్టరు కిందికి దిగి విజిలేస్తాడు. లారీకైతే క్లీనరు ఉంటాడు, ‘రానీ రానీ’ అంటూ పక్కన బాడీ మీద తడుతుంటాడు. మన కారుకు ఆ మనిషి లేడు. 2019 జులై 1 నుంచి తయారయ్యే కార్లకు వెనక సెన్సార్లు తప్పనిసరి చేశారు, మంచి పనే. కానీ ఆ నవమి నాటి కారు పాతది. సెన్సారున్న బండికైనా, పక్క నుంచి పరుగెత్తుకొచ్చే పిల్లను ముందుగా పసిగట్టేది మనిషి కన్నే.

గోదావరి ఒడ్డున ఉండేవాళ్లకు ఇంకో కారణముంది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులైతే మొదటి హెచ్చరిక, 48 అయితే రెండోది, 53 అయితే మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు నది ఎక్కింది. ముసలివాళ్లనూ మూటలనూ ఎక్కించుకుని చీకట్లో, వానలో బయల్దేరాల్సిన రాత్రి, సందులోంచి బండిని వెనక్కి లాగే తీరిక ఎవరికుంటుంది? వానాకాలమంతా బండి ముఖం రోడ్డు వైపే ఉండాలి.

అన్ని చోట్లా ఇదే పద్ధతి కుదరదు, అదీ ఒప్పుకుంటాను. గీతలు ఏటవాలుగా గీసి ఉంటే వాటి ప్రకారమే పెట్టాలి. పొగ గొట్టం ఎవరి వరండాకో, టీ బడ్డీ బల్లకో ఎదురుగా వస్తుంటే ముక్కే పెట్టండి. ఖమ్మం మార్కెట్లో బస్తాలు వేసుకోవాలంటే డిక్కీ బయటికే ఉండాలి. అలాంటప్పుడు తీసేటప్పుడు ఎవరినైనా కిందికి దింపండి.

పెట్టేటప్పుడు వెనక బండివాడు హారన్ కొడితే కంగారు పడకండి. మీకు పట్టేది అర నిమిషం. హారన్ కొట్టేది మీరైతే, ఆ అర నిమిషం ఓపిక పట్టండి.

ఈ ఆదివారం ఏదైనా ఖాళీ మైదానానికి వెళ్లి, రెండు ఇటుకలు గుర్తు పెట్టుకుని పదిసార్లు సాధన చేయండి. ఆ తర్వాత ఎక్కడికి వెళ్లినా, రివర్సు గేరు వేసేముందు దిగి ఒక్కసారి బండి వెనక్కి నడిచి చూడండి. అక్కడ ఎవరి అమ్మైనా కూర్చుని ఉండొచ్చు.