చంద్రుడి మీద మడ్‌గార్డు

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను నల్లరేగడి దారిన సైకిలు మీద బడికి వెళ్ళేవాణ్ణి. వానాకాలంలో మడ్‌గార్డు కింద బురద ఇరుక్కుని చక్రం తిరిగేది కాదు. విసుగెత్తి ఒకరోజు మడ్‌గార్డు ఊడదీశాను. మర్నాడు బడి చేరేసరికి చొక్కా వెనకంతా బురదే! పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను. సైకిలు షాపతను దాన్ని చక్రానికి కాస్త ఎడంగా బిగించి ఇచ్చాడు. మళ్ళీ బురద ఇరుక్కోలేదు.

ఇదే కష్టం చంద్రుడి మీద వస్తే నవ్వులాట కాదు. 1972 డిసెంబరులో అపోలో 17 వ్యోమగాములు సెర్నన్, ష్మిట్ అక్కడ నాలుగు చక్రాల బండి నడిపారు. దారీ డొంకా లేని నేల గనక ఉక్కు తీగతో అల్లిన చక్రాలు, ప్రతి చక్రానికీ ఒక మోటారు పెట్టారు. అయినా సెర్నన్ జేబులోని సుత్తి తగిలి వెనక మడ్‌గార్డు విరిగింది. బండి కదిలితే చాలు, దుమ్ము వానలా మీద పడేది. ఆ నల్లని దుమ్ము పేరుకుంటే ఎండకు పరికరాలు వేడెక్కుతాయి. అందుచేత వాళ్ళు నాలుగు పటాలను టేపుతో అతికించి, దీపాల క్లిప్పులతో బిగించి మడ్‌గార్డు చేసుకున్నారు. అది పని పూర్తయిందాకా నిలిచింది.

బండి చెడిపోతే ప్రాణవాయువు అయిపోయేలోగా నడిచి తిరిగి రావాలి గదా! అందుకే దిగిన చోటినుంచి 7.6 కిలోమీటర్లు మించి వెళ్ళలేదు.

బాలలూ, బండి ఎక్కేవాడికి వేగం తరవాతి మాట. అది తనను ఇల్లు చేర్చాలి. దారిలో విరిగితే తన చేతులతో బాగుచేసుకునేలా ఉండాలి. రేపు మీలో ఎవరైనా కొత్త బండి తయారుచేస్తే ఈ రెండూ మరవకండి. మడ్‌గార్డును కూడా!