బడి ముందు, గుడి తర్వాత

ఫిలడెల్ఫియా పాతపేటల్లో చర్చిని ఆనుకుని ఎర్ర ఇటుకల బడి, దాని పక్కనే సిస్టర్లు ఉన్న కాన్వెంటు కనిపిస్తాయి. గోడ మూలన రాతిలో చెక్కిన సంవత్సరం. చాలావాటికి ఇప్పుడు తాళాలు. చూసినప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది.

అవి ఊరికే లేచిన గోడలు కావు. అప్పట్లో సర్కారు బళ్లలో చదివించేది ప్రొటెస్టంట్ల బైబిలే. మా పిల్లల్ని మా బైబిల్ చదువుకోనివ్వండని కాథలిక్కులు అడిగారు. ఆ గొడవకు వలసొచ్చినవాళ్ల మీద కసి కూడా తోడై 1844లో ఇదే ఊళ్లో అల్లరిమూకలు రెండు కాథలిక్ చర్చిలు తగలబెట్టాయి. 1852లో ఇక్కడి బిషప్‌ అయిన జాన్ న్యూమన్, తనూ బొహీమియా నుంచి వలసొచ్చినవాడే, కాథలిక్కులు చర్చిల దగ్గర సొంతంగా పెట్టుకున్న పారిష్ బళ్లన్నిటినీ ఒక తాటిమీదికి తెచ్చాడు. 1884లో బాల్టిమోర్‌లో జరిగిన కాథలిక్ బిషప్పుల సభ ప్రతి చర్చి దగ్గరా రెండేళ్లలో బడి ఉండాలంది. కొన్నిచోట్ల ముందు బడే కట్టుకుని, పూజ దాని బేస్‌మెంట్‌లో జరుపుకున్నారు. నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి ఇదే!

కూలినాలి చేసుకునేవాళ్ల చందాలు, నామమాత్రపు జీతానికి చదువు చెప్పిన సిస్టర్లు. ఆ బలంమీదే 1960ల మొదట్లో అమెరికా అంతటా కాథలిక్ బళ్లలో 52 లక్షలమంది పిల్లలు. తర్వాత సిస్టర్లు తగ్గారు, ఫీజులు పెరిగాయి, జనం శివార్లకు తరలిపోయారు. ఇప్పుడు 17 లక్షలకు అటూఇటూ.

మిగిలిన పేటబళ్లలో కాథలిక్కులు కాని పేదపిల్లలూ చాలామందే చదువుతున్నారు. వాటినైనా మూయనివ్వకూడదు.