రెండోసారి పెట్టిన అర్జీ

మా దొరవారిసత్రం పెద్దరోడ్డు మీది ఊరు. ఆసుపత్రికైనా, పెండ్లి బట్టలకైనా, నెల్లూరులో జరిగే కూటాలకైనా మాకు బస్సే దిక్కు. అందుకే 1993 మార్చి 8న గుంటూరు జిల్లా చిలకలూరిపేట దగ్గర జరిగిన ఘోరాన్ని మా సంఘంలోని పెద్దవారు ఈనాటికీ మరచిపోలేదు. హైదరాబాదు నుండి వస్తున్న ఆర్టీసీ బస్సును దోచుకోవాలని ఎక్కిన ఇద్దరు యువకులు పెట్రోలు చల్లి నిప్పంటించారు. 23 మంది కాలి చనిపోయారు. అలాంటి బస్సులోనే మేమూ పిల్లలను ఒళ్లో పెట్టుకొని తిరుగుతున్నాము.

ఆ యువకులు పేద దళిత కుటుంబాలవారు. 1995లో గుంటూరు సెషన్స్ కోర్టు వారికి ఉరిశిక్ష వేసింది. హైకోర్టు ఖాయపరచింది. 1996 ఆగస్టులో సుప్రీంకోర్టు కూడా అదే మాట అన్నది. 1997 మార్చిలో రాష్ట్రపతి శంకర్ దయాళ్ శర్మగారు క్షమాభిక్ష అర్జీని తోసివేశారు. మార్చి 29న రాజమండ్రి జైలులో ఉరి తీయడానికి అంతా సిద్ధమైంది. పౌరహక్కుల సంఘంవారు, బెంగాలీ రచయిత్రి మహాశ్వేతాదేవిగారు మళ్లీ ఒకసారి మొరపెట్టారు. కొన్ని గంటల ముందు మాత్రమే సుప్రీంకోర్టు ఉరిని ఆపింది.

ఈ సంగతి మా స్త్రీల సమాజంలో చెప్పుకొన్నప్పుడు ఒక పెద్దమ్మ, "ఆ ఇద్దరి కోసం అంతమంది అర్జీలు పెట్టారు సరే, బస్సులో పోయినోళ్ల బిడ్డలు ఎవరికి పెట్టుకోవాలమ్మా అర్జీ?" అని అడిగింది. ఎవరమూ బదులు చెప్పలేకపోయాము. అధికారి ఖడ్గాన్ని ఊరకనే ధరించలేదని పౌలు రోమీయులకు వ్రాసిన మాటను ఒకరు ఎత్తారు. తమ్ముణ్ణి చంపిన కయీనును ఎవరూ చంపకుండా దేవుడే గురుతు వేశాడు గదా అని ఇంకొకరు అన్నారు. ఆ సాయంకాలం ప్రార్థన ఆలస్యంగా ముగిసింది.

మన చట్టం కూడా ఈ రెంటి మధ్యనే నలిగింది. 1955 దాకా హత్య రుజువైతే ఉరే వాడుక. ఉరి వేయని జడ్జిగారు ఎందుకు వేయలేదో వ్రాయవలసి వచ్చేది. 1974 ఏప్రిల్ నుండి అమలైన చట్టం దానిని తలక్రిందులు చేసింది. ఉరి వేస్తేనే ప్రత్యేక కారణాలు వ్రాయాలి. అదే ఏడు మన రాష్ట్రపు ఈడిగ అన్నమ్మ కేసు సుప్రీంకోర్టుకు వచ్చింది. ఆమె ఒక స్త్రీని, ఆమె బిడ్డను చంపింది. అయినా ఆమె వయస్సు, అత్తవారింటి నుండి వెళ్లగొట్టబడిన బ్రతుకు, ఆమెకున్న చిన్న కొడుకును చూచి జస్టిస్ కృష్ణయ్యర్‌గారు యావజ్జీవ శిక్షకు తగ్గించారు. 1980లో బచన్ సింగ్ కేసు తీర్పుతో, అత్యంత అరుదైన నేరాలకే ఉరి అనే నియమం ఏర్పడింది.

అయితే దయ అందరికీ దొరకలేదు. ఆదిలాబాదు జిల్లా నక్సలైటు ఖైదీలు భూమయ్య, కిష్టాగౌడ్‌ల ఉరి ఆపాలని దేశమంతటా ఎంతోమంది అడిగారు. అప్పుడు ఎమర్జెన్సీ. 1975 డిసెంబరు 1న ముషీరాబాదు జైలులో వారిని ఉరితీశారు. ఆ జైలు ఇప్పుడు లేదు. ఆ స్థలంలో గాంధీ ఆసుపత్రి ఉంది. మన ప్రాంతాలవారు కూడా రోగులను అక్కడికి తీసుకొనిపోతుంటారు.

ఇంకొక సంగతి మమ్మును మరి ఎక్కువగా కలవరపెడుతుంది. చిలకలూరిపేట ఉన్న గుంటూరు జిల్లాలోనే, ఆ బస్సు కాలడానికి రెండేండ్లు కాకముందు, 1991 ఆగస్టు 6న చుండూరులో అగ్రకులాల గుంపు 8 మంది దళితులను చంపింది. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు నిందితులందరినీ విడిచిపెట్టింది. చుండూరులో ఎవరినైనా ఉరి తీయవలసిందని మేము అనడం లేదు. ఉరిత్రాడు ఎవరి మెడకు సులభంగా అందుతుందో చూడమంటున్నాము, అంతే. మన సంఘాలలో ఎక్కువమంది ఏ పల్లెల నుండి వచ్చారో వేరే చెప్పనక్కరలేదు.

1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్‌గారు ఆ రెండో అర్జీని చూచి ఇద్దరి ఉరిని యావజ్జీవ శిక్షగా మార్చారు. పెద్దమ్మ మాత్రం ఒప్పుకోలేదు. "బ్రతకనియ్యండి, బయటికి మాత్రం రానియ్యకండి" అన్నది. ఆమె మాట ఆమెది. చనిపోయిన 23 మంది కుటుంబాల కోసం ప్రార్థన పెట్టమని అడిగింది కూడా ఆమే.

2024 జూలై నుండి కొత్త నేరవిచారణ చట్టం, భారతీయ నాగరిక సురక్షా సంహిత, అమలులో ఉన్నది. సుప్రీంకోర్టులో ఓడిపోయిన సంగతి జైలు సూపరింటెండెంటు తెలిపిన 30 దినాలలోగా క్షమాభిక్ష అర్జీ పెట్టుకోవాలి. గవర్నరు కాదంటే 60 దినాలలోగా రాష్ట్రపతికి పెట్టుకోవాలి. రాష్ట్రపతి నిర్ణయం మీద ఏ కోర్టులోనూ అప్పీలు లేదని ఆ చట్టం చెబుతున్నది. 1997 మార్చిలో ఆ ఇద్దరినీ బ్రతికించిన అర్జీ, రాష్ట్రపతి ఒకసారి కాదన్న తరువాత పెట్టినది.