మేము కట్టిన కాగితపు ట్యాంకు

సాహిత్యం బోధించుకొనే వారికి యుద్ధశకటాలతో పనియేమని మిత్రులు మమ్ములను పరిహసించిన మాట నిజమే. కళాశాల వార్షిక ప్రదర్శనలో చరిత్ర విభాగం బల్ల మీద ఉంచడానికి ఒక నమూనా కావలసి వచ్చింది. మేము పుస్తకాలకు అట్టలు కట్టే జిల్దుసాజు ఇంట పుట్టిన వారము. కత్తెర, కాగితం, మైదాపిండి బంక మాకు చిన్ననాటి నేస్తాలు. ఆ ధైర్యంతోనే పనికి ఒప్పుకొన్నాము.

మేము ఎన్నుకొన్నది 1916లో బ్రిటిషువారు రణరంగానికి పంపిన తొలి ట్యాంకు, 'మార్క్ 1'. ఇంగ్లండులోని లింకన్ నగరంలో, ఫోస్టర్ కర్మాగారంలో విలియం ట్రిటన్, వాల్టర్ విల్సన్ అనే ఇద్దరు దీనికి రూపకల్పన చేశారు. రహస్యం పొక్కకుండా, మెసపటోమియాకు పంపే నీళ్ల తొట్టి తయారవుతున్నదని ప్రచారం చేశారు. ఆ విధంగా ఆ శకటానికి 'ట్యాంకు' అనే పేరు స్థిరపడింది. ఆంగ్లంలోని ఆ మాటకు గుజరాతీ, మరాఠీ భాషలతో సంబంధం ఉన్నదని నిఘంటుకారులు చెబుతారు. హుస్సేన్‌సాగరం కట్టను టాంక్‌బండ్ అని పిలుచుకొనే మనకు, చెరువును సూచించే మాట ఒక మారణయంత్రానికి పేరైన తీరు ఆలోచింపదగినదే.

గ్రంథాలయంలోని యుద్ధచరిత్ర గ్రంథం నుండి కొలతలు తీసుకొన్నాము. 25వ వంతు ప్రమాణం నిర్ణయించాము. వెనుకనున్న తోకచక్రాలను విడిచిపెడితే అసలు శకటం పొడవు సుమారు 8 మీటర్లు. నమూనా 32 సెంటీమీటర్లు. ఎత్తు 10 సెంటీమీటర్లకు కొంచెం తక్కువ. ఉక్కు కవచంలో అన్నింటికంటె మందమైన పలక 12 మిల్లీమీటర్లే. దానిలో 25వ వంతు అర మిల్లీమీటరు. అంటే డ్రాయింగు కాగితం రెండు పొరలు అతికిస్తే సరిపోతుంది. అంత పలుచని గోడ వెనుక మనుషులు యుద్ధానికి వెళ్లారని మాకు మొదట తెలియజెప్పినది ఆ లెక్కయే.

మైదా ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపి బంక సిద్ధం చేశాము. సిరా అయిపోయిన బాల్‌పెన్ను మొనతో కాగితం వెనుకనుండి నొక్కి, వరుసగా మేకుల గుబ్బలు తీర్చాము. తొందరపాటు వల్ల మొదటి ప్రయత్నం చెడిపోయింది. మడతల చోట గీటు పెట్టకుండానే వంచాము, బంక పలుచనైంది. తెల్లవారేసరికి పక్కపలకలు అప్పడాల వలె వంకర తిరిగాయి. మా నాన్నగారికి ఇప్పుడు చూపు సరిగా ఆనదు. పలకను వేళ్లతో తడిమి చూచి, "బేటా, కాగితం ఏ వైపు సులువుగా వంగుతుందో తెలుసుకొని మడవాలి. తడి ఆరేదాకా బరువు కింద ఉంచాలి. తొందరపడితే అది మన మాట వినదు" అన్నారు. రెండవసారి ఆయన చెప్పినట్లే చేశాము.

పని ముగిసే దశలో, మాకు సాయపడుతున్న బి.ఏ. ప్రథమ సంవత్సరం విద్యార్థి ఒకడు, "సార్, ఇందులో ఎనిమిదిమంది ఎక్కడ కూర్చునేవారు?" అని అడిగాడు. జవాబు నోటితో చెప్పక, 7 సెంటీమీటర్ల ఎత్తున ఎనిమిది కాగితపు మనుషులను కత్తిరించాము. ముందు నాయకుడు, చోదకుడు. వెనుక గేర్లు మార్చేవారు ఇద్దరు. రెండు పక్కల ఫిరంగుల దగ్గర నలుగురు. నడుమ ఏ అడ్డుగోడా లేకుండా 105 అశ్వశక్తుల ఇంజను. దానిని అమర్చేసరికి మనుషులకు మెసలే చోటు లేదు. లోపల వేడి 50 డిగ్రీలకు చేరేదట. ఇంజను పొగకు మనుషులు సొమ్మసిల్లేవారట. ఆ రొదలో మాట వినబడక, ఇంజను తొడుగు మీద కొట్టి సంజ్ఞలు చేసుకొనేవారు. ఇంతా చేసి ఆ 28 టన్నుల శకటం వేగం గంటకు 6 కిలోమీటర్లే.

ఆ రాత్రి నాన్నగారు నమూనాను మరల తడిమారు. లోపలి మనుషులను లెక్కించి, "తలుపు ఎక్కడ?" అన్నారు. మేము సిగ్గుపడ్డాము. ఫిరంగులు మరువలేదు, మేకులు మరువలేదు. మనుషులు బయటపడే తలుపులు మరచిపోయాము! ఫిరంగి గదుల వెనుక వాటిని గీసి, కోసి, తెరిచి ఉంచాము.

ప్రదర్శననాడు పైకప్పు మూసివేస్తే చూపుకు నిండుగా ఉంటుందని పెద్దలొకరు సూచించారు. వినయంగానే కాదన్నాము. శకటం పక్కన బల్లెం పట్టిన రౌతునొకనిని అదే ప్రమాణంలో నిలిపాము. గుర్రము, రౌతు కలిసి ఇంచుమించు ట్యాంకంత ఎత్తు వచ్చారు. ఆ రౌతు 20వ దక్కన్ హార్స్ దళానికి చెందినవాడు. ఆ దళానికి మూలం నిజాము రాజ్యపు హైదరాబాదు కంటింజెంటు. 1916 జూలై 14న ఫ్రాన్సులోని సోమ్ రణరంగంలో, హైవుడ్ అనే అడవి దగ్గర ఆ దళం బల్లేలతో దాడి చేసింది. రెండు నెలల తరువాత, సెప్టెంబరు 15న, ట్యాంకులు తొలిసారి యుద్ధానికి దిగిన నాడు కొన్నింటిని ఆ అడవిలోకే పంపారు. అవి విరిగిన చెట్ల మోళ్ల నడుమ చిక్కుకొని నిలిచిపోయాయి. మన దేశపు గుర్రాలకు, ఆ ఉక్కు యంత్రాలకు ఎదురైనది ఒకే అడవి.

చూడవచ్చిన పిల్లలు ముందు ఫిరంగుల మీద వేలు పెట్టేవారు. తరువాత లోపలికి తొంగిచూచి, మనుషులను లెక్కపెట్టి, మాట తగ్గించేవారు. మేము ఆశించిన ఫలితం అదే.

విద్యార్థులారా! చరిత్ర పుస్తకంలో తేదీలు, టన్నులు, ఫిరంగులు ఉంటాయి. వాటిని తప్పక నేర్వండి. కాని ఏ గొప్ప యంత్రాన్ని గూర్చి చదివినా, అందులో ఎందరు మనుషులున్నారో, వారు బయటికి వచ్చే తలుపు ఎక్కడున్నదో కూడా అడగండి. తరగతిగదిలో పాఠం చెప్పే మాకు ఈ ప్రశ్న అడగవలెనని తోచలేదు. ఒక విద్యార్థి, చూపు మందగించిన ఒక జిల్దుసాజు మాకు దానిని నేర్పారు.