చాప మీద ప్రార్థన

క్రిస్మస్ సెలవులకు అయిజ వెళ్లాను. తెల్లారుజామున మిద్దె మీద చాప వేసుకుని, కళ్లు మూసుకుని కూర్చున్నా. టీ తెచ్చిన అమ్మ మెట్ల దగ్గరే ఆగిపోయింది.

"ఏం జేస్తుండావు రా? మనం ఏసయ్య బిడ్డలం గదా!"

"నడుంనొప్పికి ఎక్సర్‌సైజమ్మా" అన్నాను. ఏండ్ల తరబడి సీడ్ పత్తిలో క్రాసింగ్ చేసిన మనిషి, నడుంనొప్పి సంగతి నువ్వా నాకు చెప్పేది అన్నట్టు చూసింది.

నేను చెప్పింది సగం అబద్ధం. హైదరాబాద్‌లో పది గంటలు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని నడుం పట్టేస్తేనే యోగా క్లాసులో చేరాను. నాలుగు నెలలకు నొప్పి పోయింది, చాప మాత్రం వదల్లేదు. అప్పటిదాకా నా ప్రార్థనంతా అడగడమే. ప్రమోషన్, ఆన్‌సైట్, చెల్లి పెళ్లి. ఊపిరిని గమనిస్తూ కూర్చున్నాకే, ఏమీ అడక్కుండా దేవుని ముందు ఉండొచ్చని తెలిసింది. బైబిల్ పాత నిబంధన రాసిన హీబ్రూలో ఊపిరికీ, ఆత్మకీ ఒకటే మాట, రూఆహ్.

అమ్మ భయాన్ని తీసిపారేయలేను. పతంజలి యోగసూత్రాలు రెండు వందలకు కొంచెం తక్కువ. అందులో ఆసనం గురించి మూడే. మిగతాదంతా మనసు, ధ్యానం, ఈశ్వరుడు. ఒట్టి వ్యాయామం అనేస్తే యోగాకే అన్యాయం. అసలు మా జిల్లా పేరులోని జోగులాంబ అంటేనే యోగుల అమ్మ అంటారు.

నాకంటే ముందే ఈ చిక్కులో పడ్డవాళ్లున్నారు. తమిళనాడులో కావేరి ఒడ్డున 1950లో మోన్షానిన్, లె సో అనే ఇద్దరు ఫ్రెంచి ఫాదర్లు శాంతివనం ఆశ్రమం పెట్టారు. కాషాయం కట్టారు, క్రీస్తును వదల్లేదు. 1989లో వాటికన్ ఒక లేఖ రాసింది. ఇతర మతాల ధ్యాన పద్ధతుల్లో మంచి ఉంటే తీసుకోవచ్చంటూనే, ఒంటికి కలిగే హాయిని పరిశుద్ధాత్మ ఇచ్చే ఓదార్పు అనుకోవద్దని హెచ్చరించింది. మేం కాథలిక్కులం కాదు, అయినా ఆ మాట నాకు సూటిగా తగిలింది. ఎన్ని పొద్దులు ఆ హాయి కోసమే కూర్చున్నానో!

సూర్య నమస్కారాలు చేయను. నా మనస్సాక్షి ఒప్పుకోదు, అంతే. ఊపిరి తీసుకుంటూ "యేసయ్యా", వదులుతూ "కనికరించు" అనుకుంటా. తూర్పు దేశాల క్రైస్తవ సన్యాసులు వందల ఏళ్లుగా ఇలాంటి ప్రార్థన చేస్తున్నారు.

మర్నాడు అమ్మకు నిజం చెప్పేశాను. "ఎక్సర్‌సైజ్ ఒక్కటే కాదమ్మా, ప్రార్థన కూడా."

"మోకాళ్లూనకుండ ప్రార్థన ఏందిరా?" అంది. కాసేపు నిలబడింది. టీ గ్లాసు చాప పక్కన పెట్టి, "పాస్టరయ్యకు మాత్రం చెప్పాకు" అంటూ దిగిపోయింది.