సింగపూర్ చూసొచ్చాం, లంకకి వదినతో వెళ్తున్నాం!

ప్రయాణాల విషయంలో మనలో ఒక అలవాటుంది. బయలుదేరేదాకా ఎవరికీ చెప్పం. "ముందే చెబితే దిష్టి తగులుతుంది, టిక్కెట్లు చేతికొచ్చాక చూద్దాంలే" అనుకుంటాం. తిరిగొచ్చాక మాత్రం ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ ఫోన్లో మూడొందల ఫొటోలు చూపిస్తాం. వాళ్ళు పాపం "బావుంది, బావుంది" అంటూ కాఫీ చల్లారబెట్టుకుంటారు. అసలు చెప్పాల్సిన సంగతులు ఈ రెండింటి మధ్యా జారిపోతాయి. అందుకే మేము ఈమధ్యే వెళ్ళొచ్చిన సింగపూర్ గురించీ, వెళ్ళబోతున్న శ్రీలంక గురించీ మీకు చెబుదామని కూర్చున్నాను.

సింగపూర్‌కి హైదరాబాదు నుంచి నేరుగా విమానం ఉంది. ప్రయాణం నాలుగు గంటల పైచిలుకు. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. 1965లో స్వతంత్రమైన చిన్న దేశం. ఇంగ్లీషు, మలయ్, చైనీస్‌తో పాటు తమిళం కూడా అధికార భాషే. రైలు స్టేషన్ల పేర్లు తమిళంలోనూ కనిపిస్తుంటే పరాయి దేశానికి వచ్చామన్న బెరుకు సగం పోయింది.

సెరంగూన్ రోడ్డు చుట్టుపక్కల పేటని లిటిల్ ఇండియా అంటారు. మల్లెపూల దండలు, ఇత్తడి కుందులు, కరివేపాకు, ములక్కాడలు, అన్నీ అక్కడ ఉన్నాయి. ఒకప్పుడు అక్కడ పశువుల వ్యాపారం జోరుగా సాగేదట. అందుకే ఒక వీధి పేరు బఫెలో రోడ్డు, దాని పక్కనే కెర్బావ్ రోడ్డు. మలయ్ భాషలో కెర్బావ్ అంటే గేదే! సెరంగూన్ రోడ్డు మీదే శ్రీనివాస పెరుమాళ్ గుడి ఉంది. మన వెంకన్న అక్కడా దర్శనమిచ్చాడు. ఇంకో వింత చూడండి. ఆ దేశంలో అన్నిటికంటే పాత హిందూ దేవాలయం, 1827లో మొదలైన మారియమ్మన్ గుడి, చైనావాళ్ళ పేటలో ఉంది. ఏటా దీపావళికి ముందు అక్కడ నిప్పుల గుండం తొక్కుతారు, అచ్చం మన జాతరల్లో లాగే.

భోజనానికి హాకర్ సెంటర్లని ఉంటాయి. పెద్ద షెడ్డు కింద పదుల కొద్దీ చిన్న దుకాణాలు, మధ్యలో బల్లలు. 2020లో యునెస్కో వాళ్ళు ఈ పద్ధతిని వారసత్వ జాబితాలో చేర్చారు. ఖాళీ బల్ల మీద ఎవరో కాగితపు రుమాళ్ళ పొట్లం వదిలేశారని తీయబోతే మా అబ్బాయి చెయ్యి పట్టుకుని ఆపాడు. ఆ పొట్లం పెడితే ఆ బల్ల వాళ్ళదేనట! మనవాళ్ళు ఆర్టీసీ బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపుకోవడం లేదూ, అదే పద్ధతి. నాకు భలే నవ్వొచ్చింది.

తిరిగొచ్చాక ఫొటోలు చూడ్డానికి మావారి అక్కయ్య వచ్చారు. మా వదినకి అరవై మూడేళ్ళు. ఎత్తయిన మేడల ఫొటోలు గబగబా జరిపేసి ఆవిడ మూడు ప్రశ్నలడిగారు. "మెట్లు బాగా ఎక్కాలా? ఉల్లి, వెల్లుల్లి లేని తిండి దొరుకుతుందా? చీకటి పడ్డాక ఆడవాళ్ళు ఒంటరిగా తిరుగుతారా?"

ఒక్కోటే చెప్పాను. రైలు స్టేషన్లలో లిఫ్టులున్నాయి. విమానం టిక్కెట్టు కొనేటప్పుడే అడిగితే విమానాశ్రయంలో చక్రాల కుర్చీ ఏర్పాటు చేస్తారు. చైనా బౌద్ధుల శాకాహార హోటళ్ళలో సంప్రదాయం ప్రకారం ఉల్లి, వెల్లుల్లి వాడరు. ఇక రాత్రి పదింటికి ఆడపిల్లలు ఒంటరిగా నడిచి ఇళ్ళకి పోవడం మా కళ్ళతో చూశాం. ఆవిడ అంతా విని, "అయితే నాబోటి వాళ్ళు కూడా వెళ్ళొచ్చన్నమాట" అన్నారు. ఆ మాట నా గుండెలో గుచ్చుకుంది.

వదిన, అన్నయ్యగారు కలిసి శక్తిపీఠాలు చూడటం మొదలుపెట్టారు. పద్దెనిమిదింట్లో నాలుగు మన తెలుగు నేల మీదే ఉన్నాయి కదా. అలంపురం జోగులాంబ, శ్రీశైలం భ్రమరాంబ, పిఠాపురం పురుహూతిక, ద్రాక్షారామం మాణిక్యాంబ. ఆ నాలుగూ చూశాక అన్నయ్యగారు పోయారు. ఆరేళ్ళుగా వదిన గడప దాటింది పెళ్ళిళ్ళకీ, పురుళ్ళకీ మాత్రమే. "నీకేం కావాలి?" అని అడిగే వాళ్ళున్నారు గానీ "ఎక్కడికైనా వెళ్తావా?" అని అడిగిన వాళ్ళు లేరు.

అందుకని ఈసారి దిష్టి సంగతి పక్కన పెట్టి, టిక్కెట్లు కొనకముందే ఆవిడకి చెప్పాం, "శ్రీలంక వెళ్ళాలనుకుంటున్నాం, వస్తారా?" అని. పద్దెనిమిది పీఠాల వరసలో మొదటిది అక్కడి శాంకరీదేవే మరి. ట్రింకోమలీలో సముద్రం మీదికి పొడుచుకొచ్చిన కొండపై కోణేశ్వరాలయం దగ్గర ఉంది. పాత గుడిని 17వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్ళు కూల్చేస్తే 20వ శతాబ్దంలో మళ్ళీ కట్టారు. అక్కణ్ణించి కాండీలో బుద్ధుడి దంతం ఉంచిన ఆలయం, ఆపైన నువరెలియా తేయాకు తోటలు, అక్కడి సీతమ్మ గుడి. ఇదీ మా పథకం.

చుట్టాల్లో కొందరు "ఈ వయసులో ఈవిడకి విదేశాలెందుకు?" అన్నారు. వదిన జవాబివ్వలేదు. చీటీ పాడిన డబ్బు తెచ్చి మావారి చేతిలో పెట్టి, "నా టిక్కెట్టు నేనే కొనుక్కుంటాను తమ్ముడూ" అన్నారు. పాస్‌పోర్టు విచారణకొచ్చిన కానిస్టేబులు "ఎక్కడికమ్మా?" అంటే "లంకకి నాయనా, వంతెన కట్టకుండానే" అన్నారట!

మీరూ వెళ్దామనుకుంటే ఇవి గుర్తుంచుకోండి.

ట్రింకోమలీ వైపు నవంబరు నుంచి జనవరి దాకా వానలెక్కువ. మే నుంచి సెప్టెంబరు లోపు వెళ్తే మంచిది. కొలంబో నుంచి అక్కడికి సుమారు 260 కిలోమీటర్లు. పెద్దవాళ్ళుంటే దారిలో ఒక రాత్రి ఆగండి.

పాస్‌పోర్టుకి కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. వీసా నిబంధనలు మారుతుంటాయి, టిక్కెట్టు కొనేముందు ఒకసారి చూసుకోండి.

ఊరగాయ సీసా చేతిసంచీలో వద్దు, పెద్ద పెట్టెలో పెట్టండి. సింగపూర్‌కి చూయింగ్ గమ్ తీసుకెళ్ళనివ్వరు. అక్కడ కుళాయి నీళ్ళు తాగొచ్చు, సీసాలు కొననక్కర్లేదు. రైల్లో తినడం, తాగడం చేస్తే జరిమానా.

ఇల్లు తాళం వేసి వెళ్ళే తేదీలు ఫోన్ గ్రూపులన్నిట్లో పెట్టకండి. నమ్మకమైన వాళ్ళకి చెబితే చాలు. కానీ మీ ఇంట్లో, మీ చుట్టాల్లో, తోడు లేక ఆగిపోయిన వాళ్ళెవరైనా ఉంటే వాళ్ళకి మాత్రం అందరికంటే ముందు చెప్పండి. డబ్బు కూడబెట్టుకోవడానికీ, మోకాళ్ళకి మందు వాడుకోవడానికీ, మనసు కుదుర్చుకోవడానికీ వాళ్ళకి వ్యవధి కావాలి.

మా ప్రయాణం జులైలో. వదిన ఇప్పట్నించే రోజూ పార్కులో రెండు చుట్లు తిరుగుతున్నారు. కొండెక్కేటప్పుడు ఎవరి చెయ్యీ పట్టుకోకూడదట. సింహళంలో "ఆయుబోవన్" అంటే దీర్ఘాయుష్మాన్ భవ అని అర్థం. చేతులు జోడించి ఆ మాటనడం కూడా నేర్చుకుని, పాలవాడి దగ్గర్నించీ అందరికీ అదే చెబుతున్నారు.