ఏ బంకు డీజిలు మంచిది?

నవంబరు 2, 2025

వాన తెరిపిచ్చింది. మిరప చేలల్లో నీళ్లు లాగేశాక మందు కొట్టాలని అందరూ క్యాన్లు పట్టుకుని బంకుల దగ్గరే ఉన్నారు. టీ కొట్టు దగ్గర మళ్లీ పాత పంచాయితీ. "ఆ కంపెనీ డీజిలు పోస్తే ట్రాక్టరు లాగదు మామా. నేను హైవే ఎక్కి మార్టూరులోనే కొట్టిస్తా" అంటాడు మేనల్లుడు. పోనురాను కాలే డీజిలు మాటేమిట్రా అంటే విసుక్కున్నాడు. సేద్యం ఖర్చులో డీజిలు చిన్న పద్దు కాదు. ఈ సంగతి తేల్చుకోవాలి.

నవంబరు 4

ట్యాంకరు నడిపి మానేసిన పెద్దాయన దగ్గర కూర్చున్నాను. విశాఖ హెచ్‌పీసీఎల్ రిఫైనరీ నుంచి పైపులైను విజయవాడ మీదుగా సికింద్రాబాదు పోతుంది. కొండపల్లిలో మూడు ప్రభుత్వ కంపెనీలకూ డిపోలున్నాయి. తమ రిఫైనరీ దగ్గర్లో లేనిచోట ఒక కంపెనీ ఇంకో కంపెనీ సరుకు తీసుకోవడం ఈ వ్యాపారంలో మామూలే. "ట్యాంకరు రంగు వేరు గానీ బాబూ, లోపలి సరుకుకి రంగేముంది?" అన్నాడాయన. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-6 ప్రమాణం. ఎవరు అమ్మినా గంధకం పది లక్షల పాళ్లకు 10 మించకూడదు. అంతకుముందు 50 దాకా ఉండేది.

కంపెనీల మధ్య తేడా ఉన్నది నాజిళ్లకు మసి పట్టకుండా కలిపే మందుల్లోనే. జియో-బీపీ వాటిని మామూలు డీజిల్లోనే కలుపుతుంది. కొందరు ప్రీమియం పేరుతో ఎక్కువ ధరకు అమ్ముతారు. వాటి గుణం ఏళ్ల మీద తెలియాలి గానీ ఒక్క ట్యాంకుతో బండి పరుగెత్తదు. ఇంగ్లండులో టెస్కో లాంటి సూపర్‌మార్కెట్లే చవగ్గా పెట్రోలు పోస్తాయి. అక్కడా జనానికి ఇదే అనుమానం, అక్కడా అందరికీ ప్రమాణం ఒక్కటే.

నవంబరు 6

మేనల్లుడి ట్రాక్టరు చేలోనే ఆగిపోయింది. మెకానిక్ వచ్చి డీజిల్ ఫిల్టరు కింద స్క్రూ వదులు చేశాడు. మొదట నీళ్లు కారాయి. వాటి వెంట ఎర్రటి తుప్పు నలుసులు. ఆ తర్వాత గానీ డీజిలు రాలేదు. ఫిల్టరు మార్చి, ఎయిర్ తీసి సెల్ఫ్ కొడితే వెంటనే అందుకుంది. పాక పక్కనున్న డ్రమ్ము చూశాం. బిరడా పోతే గోనెగుడ్డ కుక్కారు. వాననీళ్లన్నీ అందులోకే. కంపెనీని తిట్టినవాడు డ్రమ్ము వంక చూసి ఊరుకున్నాడు.

నవంబరు 9

బంకులో సాంద్రత చూపించమన్నాను. విసుక్కోకుండా జాడీ, హైడ్రోమీటరు, థర్మామీటరు తెచ్చారు. పెట్రోలైతే 15 డిగ్రీల దగ్గర ఘనపు మీటరుకు 720 నుంచి 775 కిలోల మధ్య ఉండాలి. పొద్దున పుస్తకంలో రాసినదానికీ ఇప్పుడు తేలినదానికీ తేడా 3 కిలోలు దాటకూడదు. పెట్రోలు నాజిల్ మూతి తుడిచి ఫిల్టరు కాగితం మీద ఒక్క చుక్క వేశారు. కాసేపట్లో మరక లేకుండా ఆరిపోయింది. అయిదు లీటర్ల కొలపాత్రలో 25 మిల్లీలీటర్లకు మించి తగ్గితే ఒప్పుకోనక్కర్లేదు. ఇవన్నీ అడిగే హక్కు మనకుంది. 2020 సెప్టెంబరులో సైబరాబాద్ పోలీసులు పట్టుకున్న, పంపుల్లో చిప్పులు పెట్టే ముఠా రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ లీటరుకు 970 మిల్లీలీటర్లే పోయించింది. ఆ బంకుల్లో ఒక్క కంపెనీవే లేవు, పలు కంపెనీలవి ఉన్నాయి. మోసం చేసేవాడికి బోర్డుతో పనిలేదు.

నవంబరు 10

పెట్రోలుతో మందు కొట్టే తైవాన్ పంపుల సంగతి కూడా రాసుకోవాలి. ఇప్పుడు పెట్రోల్లో 20 శాతం ఇథనాల్. ఇథనాల్ నీటిని లాగుతుంది. నీరు ఎక్కువైతే రెండూ కలిసి అడుగున చేరతాయి. మందు కొట్టడం అయిపోయాక ట్యాంకులో పెట్రోలు ఉంచకండి, క్యాన్లో నెలల తరబడి దాచకండి.

ఊళ్లోవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. కంపెనీ పేరు కోసం మార్టూరు దాకా పోనక్కర్లేదు. అడగ్గానే సాంద్రత చూపించే బంకులో, ఎంత దగ్గరైతే అంత దగ్గర కొట్టించుకోండి. డ్రమ్ము కడిగి, ఆరబెట్టి, బిరడా బిగించండి.